లేని తోటకు సాక్ష్యం

పోయిన వారం మనం మహిమను స్కూలు వరండాలో, మోగుతున్న ఫోను చేతిలో పట్టుకుని ఉండగా వదిలి వచ్చాం. ఆ నంబరు ఎవరిదో ఆమెకు తెలియదు. నాలుగు రోజులుగా అదే నంబరు మోగుతూనే ఉంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళకు రెండు ముక్కల్లో సంగతి ఇది. మహిమ చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త అనిల్ కుమార్ పత్తి మిల్లులో పనిచేస్తూ పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు యంత్రంలో కుడిచేతి మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఒక్క జీతంతో ఇల్లు నడవక, సాయంత్రాలూ సెలవు రోజులూ ఆమె ఇంకో పని చేస్తోంది. దాన్ని మిస్టరీ షాపర్ అంటారు. ఏదో కొట్టుకి మామూలు బేరంలా వెళ్ళాలి. అక్కడివాళ్ళు ఎలా మాట్లాడారో, ఏం అమ్మజూపారో గుర్తుపెట్టుకోవాలి. ఇంటికొచ్చి ఫోనులో ఫారం నింపి ఏజెన్సీకి పంపాలి. తను ఎవరో మాత్రం ఎవరికీ చెప్పకూడదు. అలా నవంబరు ఆరున, పురుగుమందులూ విత్తనాలూ అమ్మే 'పైరుసిరి' కొట్టుకి రైతు భార్యలా వెళ్ళింది. అక్కడ బాపయ్య అనే పెద్దమనిషి ఆమెను పక్కకు పిలిచి, కంపెనీ సొంత మందు కొనొద్దని మెల్లగా చెప్పాడు. ఆ సంగతి ఉన్నదున్నట్టు ఫారంలో రాసి పంపింది. తర్వాత మర్చిపోయింది.

ఇక ఫోను సంగతి. మహిమ ఎత్తింది.

"అమ్మా, సుబ్బరావమ్మగారేనా? మురికిపూడి సుబ్బరావమ్మగారు?"

ఆ పేరు మహిమ తన జీవితంలో ఒకేఒక్కసారి, ఒకేఒక్క చోట చెప్పింది.

"ఎవరండీ మాట్లాడేది?"

"నా పేరు వెంకటరావమ్మండి. పేటలో మందుల కొట్టు బాపయ్యగారి భార్యని. మీ మిరపతోటకి నల్ల తామర పురుగు పట్టిందని ఆయన్ని అడిగారంట గదమ్మా. ఫోను చేస్తే ఎత్తలా. అందుకని మురికిపూడి పోయా. రెండ్రోజులు తిరిగా. ఆ ఊళ్ళో సుబ్బరావమ్మలు ముగ్గురున్నారు. ఒకావిడకి కళ్ళు కనపడవు, ఇంకొకావిడకి తోటే లేదు. మూడో ఆవిడ చేలో ఉందంటే అక్కడిదాకా నడిచా. ఆవిడా కాదంది."

మహిమ స్తంభానికి ఆనుకుంది. లోపల ఏడో తరగతి పిల్లలు ఎక్కాలు అప్పజెపుతున్నారు. లేని తోట కోసం ఒక ఆడమనిషి రెండు రోజులు గట్ల మీద పడి తిరిగింది.

"దేనికమ్మా నన్ను వెతకడం?" అని అడిగింది. అడుగుతున్నప్పుడే, అడగకుండా ఉంటే బాగుండుననుకుంది.

"ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారమ్మా, ఇప్పుడు గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మీరొక్కసారి వచ్చి కనపడండి. మీరు తప్ప మాకు దిక్కు లేదు."

*

"నంబరు బ్లాక్ చేసెయ్" అన్నాడు అనిల్ కుమార్, సంగతంతా విని. "నీ తప్పేముంది? నువ్వేమన్నా అబద్ధం రాశావా?"

"లేదు."

"మరింకేంది? వాళ్ళ కంపెనీ, వాళ్ళ మనిషి. తీసేస్తారు, ఉంచుకుంటారు. నువ్వు వెళ్ళి నేనే ఆ రాసింది అంటే ఏజెన్సీ వాళ్ళు నిన్ను ఊరుకుంటారా? సంతకం పెట్టావు గదా, ఎవరికీ చెప్పనని."

అతను ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. మిల్లువాళ్ళు ఇతన్ని తీసేసిన రోజున కూడా ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం మీద ఉన్నదున్నట్టే రాసి ఉంటారు. 'పనివాడి అజాగ్రత్త' అని.

"రెండ్రోజులు తిరిగిందంట అనిల్" అంది చివరికి. "నేను చెప్పిన ఊరు పట్టుకుని."

శనివారం మధ్యాహ్నం స్కూలు వదలగానే గుంటూరు బస్సెక్కింది. ఏజెన్సీలో పనులు పురమాయించే అమ్మాయి పేరు భవ్య, హైదరాబాదులో ఉంటుంది. దారిలో ఆమెకు ఫోను చేసింది. బాపయ్య అనే మనిషి ఉద్యోగం తన ఫారం వల్లే పోయిందా అని అడిగింది.

"మేడం, అది క్లయింట్ ఇంటర్నల్ మ్యాటర్ అండి. మనకి సంబంధం లేదు. మీ రిపోర్టు చాలా డీటెయిల్డ్‌గా ఉందని క్లయింట్ మెచ్చుకున్నారు కూడా. ప్లీజ్, ఆ స్టాఫ్‌ని మాత్రం కాంటాక్ట్ చెయ్యొద్దు. అగ్రిమెంట్‌లో ఉంది కదా" అంది భవ్య. గొంతు మర్యాదగానే ఉంది.

యడ్లపాడు దాటాక మహిమ బ్యాగులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. చర్చికి వెళ్ళే మనిషి, పుట్టి బుద్ధెరిగాక బొట్టు పెట్టుకోలేదు. కొట్టుకి వెళ్ళిన రోజు మాత్రం సుబ్బరావమ్మ అనే పేరుకు సరిపోవాలని పెట్టుకుంది. ఈ రోజు అది లేకుండా వెళితే ఆయన గుర్తుపట్టడేమో. కిటికీ అద్దంలో చూసుకుంటూ ఎర్రబిళ్ళ అంటించుకుంది. బయట రోడ్డుకిరువైపులా పత్తిచేలు తెల్లగా విచ్చి ఉన్నాయి.

*

వెంకటరావమ్మ వార్డు గుమ్మంలోనే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. అప్పుడే బట్టలేవో ఉతికినట్టుంది. కిందినుంచి ఫోను చేసి వచ్చిన మహిమను చూసి పరుగులాంటి నడకతో వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చావా సుబ్బరావమ్మా! వస్తావని ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆ అమ్మ మంచిది, మాట వినే మనిషి అన్నాడు."

"ఏమైందమ్మా ఆయనకి?"

"ఉద్యోగం తీసేశాక ఇంట్లో కూర్చోలేకపోయాడు. కావూరు వైపు మిరపతోటలకి మందు కొట్టే కూలికి పోయాడు. ఈ వయసులో వద్దయ్యా అంటే వినలా. వీపు మీది ట్యాంకు కారుతుందని చూసుకోలేదు. మధ్యాహ్నందాకా మందు చొక్కాలోకి దిగింది. చేలోనే పడిపోయాడు. నాలుగు రోజులు గొంతులో గొట్టం వేసి ఉంచారమ్మా. ఇప్పుడు మాట వచ్చింది గానీ కాళ్ళు స్వాధీనంలో లేవు. మందు అలాంటిదంట, నరాల్లోకి పోయిందంట."

ముప్పై ఏళ్ళపాటు మందు సీసా చేతికిచ్చేటప్పుడల్లా చేతికి తొడుగులు వేసుకోండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, గాలికెదురు కొట్టొద్దు అని చెప్పిన మనిషి. ఆ రోజు మహిమకూ చెప్పాడు. ఫారంలో దానికి వేరే ప్రశ్న ఉంది. 'భద్రతా సూచనలు ఇచ్చారా?' అని. మహిమ 'అవును' దగ్గర నొక్కింది.

బాపయ్య గోడపక్క మంచం మీద ఉన్నాడు. నెలరోజుల కింద చూసిన మనిషిలో సగమే మిగిలాడు. బుగ్గలు లోపలికి పోయాయి. చేతులు దుప్పటి మీద వాటంతటవే అదురుతున్నాయి. మహిమను చూసి కళ్ళు పెద్దవి చేశాడు. లేవబోయి లేవలేక, తల మాత్రం ఎత్తాడు.

"రామ్మా, రా. కూర్చో" అన్నాడు. గొంతు గీరుకుపోయి ఉంది. అని, ఇంకేమీ అడక్కుండా మొదటి మాటగా అదే అడిగాడు. "తోట నిలబడిందా?"

మహిమ మంచం అంచున కూర్చుంది.

"నేను చెప్పినట్టు నీలం జిగురు అట్టలు కట్టారా? పూతలో దాక్కుంటుందమ్మా ఆ పురుగు. మందు ఎంత కొట్టినా పువ్వు లోపలికి పోదు. వేపనూనె కొట్టారా?"

"కొట్టామండి" అంది మహిమ.

"పూత ఆగిందా?"

"ఆగిందండి. కాయ కూడా పడింది."

ఆయన తల దిండు మీదికి వాలింది. ముఖమంతా విప్పారింది. "చూశావా" అన్నాడు భార్య వంక తిరిగి. "నే చెప్పలా. రెండెకరాలు బతికింది. పోతే పోయింది వెధవ ఉద్యోగం. ఒక సంసారం బతికింది."

వెంకటరావమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మహిమ రాసింది నిజం. ఇప్పుడు చెప్పింది అబద్ధం. నిజం ఈ మనిషిని ఈ మంచం మీదికి తెచ్చింది. అబద్ధం విని ఆయన నవ్వుతున్నాడు.

*

"అసలు సంగతి చెబుతా వినమ్మా" అంది వెంకటరావమ్మ, స్టూలు దగ్గరికి జరుపుకుని. "ఈయన వేరే కంపెనీ దగ్గర లంచం తిని ఈ కంపెనీ మందు అమ్మనివ్వట్లేదని రాసి తీసేశారు. దొంగతనం అంటగట్టినట్టే గదా. ముప్పై ఏళ్ళు చేశాడు, ముందు పాత షావుకారు దగ్గర, తర్వాత వీళ్ళ దగ్గర. లాయరుగారు లేబరాఫీసులో కేసు వేశారు. సోమవారం పదకొండింటికి పిలిచారు. మీరొచ్చి ఒక్క మాట చెబితే చాలు. బాపయ్య నా చేను బాగు కోరి చెప్పాడు, ఇంకే కొట్టుకీ పొమ్మన్లేదు, అని. అంతే."

"నేనా?"

"మీరు గాక ఇంకెవరమ్మా? ఆయన చెప్పింది మీకే గదా." ఆమె సంచిలోంచి ఒక కవరు తీసింది. "ఇదిగో, వాళ్ళిచ్చిన కాగితం. ఇంగ్లీషులో ఉంది. లాయరుగారు గబగబా చూసి సారాంశం చెప్పాడు గానీ, మాట మాట ఎవరూ చెప్పలా. మీకు ఇంగ్లీషు వచ్చా?"

"కొంచెం వచ్చండి" అంది మహిమ.

కాగితం విప్పింది. పైన కంపెనీ బొమ్మ, తేదీ, బాపయ్య పేరు. కింద రెండో పేరాలో కొటేషన్ గుర్తుల మధ్య కొన్ని వాక్యాలు. మొదటి వాక్యం సగం చదవగానే ఆమె కళ్ళు ఆగిపోయాయి. 'అడ్వైజ్డ్' అనే మాటలో ఎస్ ఉండాల్సిన చోట సి ఉంది. రాత్రి వంట చేస్తూ, ఒక చేత్తో గరిట తిప్పుతూ, రెండో చేత్తో ఫోనులో కొట్టిన మాట అది. పంపాక చూసుకుని నాలుక కరుచుకుంది కూడా. కంపెనీ వాళ్ళు దాన్ని దిద్దకుండా అలాగే ఎత్తి రాశారు.

"చదవమ్మా" అన్నాడు బాపయ్య.

మహిమ చదివింది. తన వాక్యాలను తనే తెలుగులోకి మార్చి, ఒక్కొక్కటిగా ఆయనకు వినిపించింది.

"కౌంటరులో ఉన్న పెద్ద వయసు ఉద్యోగి కంపెనీ సొంత మందు కొనవద్దని సలహా ఇచ్చాడు... అది ఈ పురుగు మీద పనిచేయదని చెప్పాడు... ఈ మాటలు చెప్పడానికి కస్టమరును పక్కకు తీసుకువెళ్ళాడు... కస్టమరు ఫోను నంబరు తన సొంత పుస్తకంలో రాసుకున్నాడు."

"అన్నీ నిజాలే" అన్నాడు బాపయ్య మెల్లగా. "పుస్తకంలో రాసుకుంటా. చేను ఎట్టా ఉందో తర్వాత కనుక్కోవాలి గదా. అందరివీ రాసుకుంటా. నీ నంబరు అందులోంచే తీసింది ఇది."

కింద ఐదో వాక్యం ఉంది. అదీ ఆ కొటేషన్ గుర్తుల లోపలే ఉంది. 'బజారు చివర ఉన్న ఇంకో కొట్టు పేరు చెప్పి, అక్కడ కొనమన్నాడు.'

మహిమ దాన్ని రెండుసార్లు చదువుకుంది. అది ఆమె రాయలేదు. ఆ మాట బాపయ్య అననూ లేదు. నాలుగు నిజాల కింద ఎవరో ఒక అబద్ధాన్ని చేర్చారు. ఆ నాలుగు ఉండబట్టి ఐదోది కూడా నిజంలా నిలబడింది. అది కల్పితమని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. అయితే ఆ ఒక్క మాట చెప్పాలంటే మిగతా నాలుగూ ఎవరు రాశారో చెప్పాలి.

ఆ వాక్యం కూడా చదివి వినిపించింది.

"అది అబద్ధం!" బాపయ్య చెయ్యి మంచం మీద కొట్టుకుంది. "నేనన్నానా అమ్మా ఆ మాట?"

"అన్లేదండి."

"అదిగో, అదే సోమవారం చెప్పు తల్లీ" అంది వెంకటరావమ్మ. తర్వాత ఆమె ముఖం మారింది. గొంతు తగ్గించి, పళ్ళు బిగించి అంది. "ఇది రాసిందెవరో నాకు తెలుసు. ఆ రోజు కొట్లో మీరిద్దరూ, వెనక గోడౌనులో వాసిం, అంతే. ఇంకో నరమానవుడు లేడు. మీరు చెప్పరు గదా. మరి వాడు గాక ఇంకెవరు? ఇరవై ఏళ్ళు ఒక కంచంలో తిన్నారు. ఈయన కౌంటరు ఇప్పుడు వాడికిచ్చారు. వాడింటికి పోయి వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టి వచ్చా. వాడి భార్య ఏడ్చింది. ఏడవనీ."

"వద్దు వెంకటరావమ్మా, వాడట్టాంటోడు కాదు" అన్నాడు బాపయ్య కళ్ళు మూసుకుని.

"రోజూ వస్తాడు. కేరియరు పట్టుకుని ఆ బయట బల్ల మీద కూర్చుంటాడు. నేను గుమ్మం తొక్కనివ్వలా."

మహిమ లేచి నిలబడింది. "సోమవారం వస్తానండి" అంది. ఏమని వస్తుందో, ఎవరుగా వస్తుందో ఆమెకే తెలియదు. అక్కణ్ణించి బయటపడితే చాలనిపించింది. బాపయ్య అదిరే చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. తనకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడు.

*

బయట నడవాలో బల్ల చివర ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నెరిసిన గడ్డం. ఒళ్ళో స్టీలు కేరియరు. మహిమ తల వంచుకుని అతన్ని దాటబోయింది.

"టీచరుగారూ."

కాళ్ళు ఆగిపోయాయి.

"మహిమ టీచరుగారు గదా. మా పాప మీ స్కూల్లోనే, ఏడో తరగతి బి సెక్షన్. పేరెంట్సు మీటింగులో మాట్లాడారు నాతో." వాసిం లేచి నిలబడ్డాడు. అతని చూపు ఆమె నుదుటి మీది ఎర్రబిళ్ళ దగ్గర ఆగింది. అక్కణ్ణించి వార్డు తలుపు వైపు పోయింది. మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చింది. "ఇందాక వెంకటరావమ్మ వదిన మిమ్మల్ని సుబ్బరావమ్మా అని పిలిచింది. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు విన్నా."

మహిమ వార్డు తలుపు వంక చూసింది.

"ఆ రోజు నేను గోడౌనులో బస్తాలు సర్దుతున్నా. మనిషిని చూళ్ళా. గొంతు మాత్రం విన్నా. ఎక్కడో విన్న గొంతని అప్పుడే అనుకున్నా." అతను నెమ్మదిగా, తప్పు చేసి దొరికిన పిల్లతో మాట్లాడినట్టు అడిగాడు. "మీకు మిరపతోట ఎక్కడుంది టీచరుగారూ?"

"టీచరేంది? ఎవరు టీచరు?"

నీళ్ళ సీసా పట్టుకుని వెంకటరావమ్మ గుమ్మంలో ఉంది. వాసింను చూడగానే ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "ఏరా, ఈవిడ్ని కూడా బెదిరిస్తున్నావా? సాక్ష్యం చెప్పొద్దంటున్నావా?"

వాసిం నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు, అతని మీద పడిన మచ్చ పోతుంది. కాని అతను మహిమ ముఖంలోకి చూసి, నోరు మూసుకున్నాడు. "నేనేమీ అన్లేదు వదినా" అన్నాడు. కేరియరు బల్ల మీద పెట్టి, పక్కకు తొలిగి నిలబడ్డాడు.

తను దాక్కోవడానికి అతను చోటిచ్చాడని మహిమకు అర్థమైంది. దాక్కోవచ్చు. ఈ మెట్లు దిగి, బస్సెక్కి, నంబరు బ్లాక్ చేస్తే అయిపోతుంది. ఆ మనిషి రేపూ కేరియరు పట్టుకుని ఇక్కడే కూర్చుంటాడు. ఈవిడ రేపూ అతన్ని తిడుతుంది.

నుదుటి మీది బిళ్ళ పీకేసింది.

"నా పేరు సుబ్బరావమ్మ కాదండి, మహిమ. నాకు తోట లేదు. మీ కొట్టువాళ్ళు ఎలా మాట్లాడతారో చూసి రాయమని నన్ను పంపారు. డబ్బులిస్తారు దానికి. ఆ కాగితంలో చివరి మాట తప్ప మిగిలిందంతా నేనే రాశాను. ఆ చివరిది నేను రాయలేదు. దేవుడి తోడు, అది నేను రాయలేదు. వాసింగారికి ఇందులో ఏ సంబంధమూ లేదు."

వెంకటరావమ్మ కదల్లేదు. కొడుతుందేమోనని మహిమ ఎదురుచూసింది. కొడితే బాగుండుననుకుంది. నడవాలో ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ పోయారు.

"మురికిపూడిలో చెప్పు తెగితే, చేత్తో పట్టుకుని నడిచా" అంది వెంకటరావమ్మ ఎటో చూస్తూ. తర్వాత వాసిం వైపు తిరిగింది. అతని ముఖంలోకి చూడలేక, కేరియరు చేతిలోకి తీసుకుంది. "లోపలికి రా. చల్లారిపోద్ది."

వాసిం చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

వెంకటరావమ్మ రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరక్కుండానే అంది. "నువ్వూ రా. నాకు చెప్పినట్టే ఆయనకు చెప్పు. చివరి మాట నువ్వు రాయలేదని చెప్పు. మిగిలింది రాశానని చెప్పు. కాయ పడిందన్నావే, ఆ తోట లేదని కూడా నువ్వే చెప్పు. నేను చెప్పలేను."

మహిమ ఆమె వెనకే నడిచింది. గుమ్మం దాటి, మంచాల వరస దాటి, గోడపక్కకు వెళ్ళింది. బాపయ్య కళ్ళు తెరిచి ఉన్నాడు. ముందు వాసింను చూడగానే ఆయన ముఖమంతా వెలిగిపోయింది. తర్వాత అతని వెనక నిలబడిన మహిమ మీద చూపు పడింది.

"ఏమ్మా, మళ్ళీ వచ్చావు?" అన్నాడు ఆప్యాయంగా. "ఏమన్నా మర్చిపోయావా?"